చుక్కల ఆవు సంగతి

అమ్మకు,

నీ ముందు తల వంచి నిలబడ్డాననుకో. నీ అరచెయ్యి నడినెత్తిన ఆనేదాకా తల ఎత్తనని కూడా అనుకో. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, పిల్లలు, మిగిలిన పశువులు బాగున్నారనీ, మోకాలి నొప్పి తగ్గి పొద్దున్నే దొడ్డి దాకా నడవగలుగుతున్నావనీ తలుస్తాను.

నూన్‌కిపా చేత నువ్వు రాయించిన ఉత్తరం మంగళవారం అందింది. కూరగాయల లారీ నడిపే గితోంగా దాన్ని క్యాబేజీ బస్తా కింద పెట్టి తెచ్చాడు. సగం తడిసింది. అయినా నా పెళ్లాం చేతిరాత నాకు కొత్తా? ఈ ఉత్తరం కూడా ఆమే నీకు చదివి వినిపిస్తుంది. నూన్‌కిపా, ముందే చెబుతున్నాను, చదివేటప్పుడు ఇంట్లో ఇంకెవరూ ఉండకూడదు. పిల్లల్ని బయటికి పంపెయ్యి. ఉన్నది ఉన్నట్టు చదువు. మధ్యలో నీ మాటలు కలపడం, బాగోలేనివి మింగెయ్యడం నీకు అలవాటు. ఈసారి ఒక్క ముక్క కూడా మింగొద్దు.

అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. నొప్పి మందు లారీలో పంపుతున్నాను. అది రాసుకునేది, తాగేది కాదు. పోయినసారి సీసా రెండు రోజుల్లో ఎలా ఖాళీ అయిందో నాకు తెలుసు. వాన ఇక్కడా లేదు. నది దాటేచోట హిప్పోలు బురద కోసం ఒకదాన్నొకటి కరుచుకుంటున్నాయి. మొక్కజొన్న పిండి ఈ నెల కూడా రెండు బస్తాలే పంపగలిగాను, కాస్త పొదుపుగా వాడమను.

తెల్లవాళ్లు అంత దూరం నుంచి వచ్చి ఈ జంతువులను చూసి ఏం చేసుకుంటారని అడిగావు. పదకొండేళ్లుగా వాళ్లను తిప్పుతున్నాను, నాకూ తెలీదు. తెల్లవారకముందే డేరా దగ్గరికి టీ పంపి లేపుతాం, జీపెక్కిస్తాం, ఎండ ముదిరేదాకా తిప్పి తెచ్చి అన్నం పెడతాం, మళ్లీ సాయంత్రం తిప్పుతాం. మొదటిరోజు ఉత్త జింకను చూసినా నోరు తెరుస్తారు. రెండోరోజు జింకల దగ్గర బండి ఆపొద్దంటారు. మూడోరోజు సింహం పడుకుని ఉంటే చాలదు, లేచి తిరగాలి. నాలుగోరోజు అది దేన్నయినా చంపి చూపించాలి. అందరూ మంచివాళ్లే. నీ ఫొటో చూపిస్తే ఎంత అందమైన పెద్దావిడ అంటారు. కానీ నాలుగోరోజు అందరూ ఒకేలా అయిపోతారు.

ఇక నువ్వు చివర అడిగిన మాట. మన చుక్కల ఆవు కెరి చచ్చిపోయి నెల అయింది, ఇంకా పొద్దున లేవగానే దాని పేరే నోటికొస్తోందన్నావు. "నువ్వు ఆ చుట్టుపక్కలే తిరుగుతావు కదా. నీ తమ్ముడు సిరొంకా నిజంగా సింహాల్ని చూసి పారిపోయాడా? చూసినోళ్లుంటే అడిగి రాయి" అన్నావు. ఈడు కుర్రాళ్లు సిరొంకాతో కలిసి పాలు తాగడం మానేశారని రాశావు. ఈటె పట్టి మందను కాసే మొరాన్ కుర్రాడు ఒంటరిగా తాగకూడదు కనుక వాడు పాలే మానేసి, పక్కనే పొదుగులు పెట్టుకుని నీళ్లు తాగి పడుకుంటున్నాడట. ఆడపిల్లలు వాడి మీద ఎగతాళి పాట కట్టారట. అన్నిటికన్నా కింద ఒక మాట ఉంది. వచ్చే నెల వేడుకలో తల్లులందరూ కొడుకుల తలలు గొరుగుతారు, వాడి తల మాత్రం నేను ముట్టను అన్నావు. ఏడేళ్లు ఎర్రమట్టి పూసి పెంచిన జడలు తల్లి చేతి కత్తితో దిగితేనే వాడు పెద్దవాళ్లలో కలుస్తాడు. తల్లి కాదంటే ఏ గుంపులోనూ వాడికి చోటుండదు. నీకు చెప్పేదేముంది, తెలిసే అన్నావు.

చూసినవాళ్లు ఉన్నారమ్మా. ఆ నాలుగు రోజుల సంగతి మొదటినుంచీ చెబుతాను, విను.

ఆ వారం నా జీపులో హాలండ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. అతని పేరు హెండ్రిక్, ఆమె మార్గో. అతని భుజాన ఎప్పుడూ వీడియో కెమెరా. మూడు రోజులూ సింహాలు మాకు వీపు చూపించి పడుకున్నాయి. మూడోరోజు భోజనాల దగ్గర, పక్క డేరా వాళ్లు అడవిదున్నను పడగొట్టడం చూశారట, మా గైడు మాత్రం మాకు చెట్ల పేర్లు నేర్పుతున్నాడని హెండ్రిక్ అందరి ముందూ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వడం కూడా ఈ పనిలో భాగమే. డేరాకు వెళ్లాక మాత్రం పళ్లు కొరుక్కున్నాను.

నాలుగోరోజు పొద్దున మూడు ఆడసింహాల అడుగులు కనిపించాయి. ఎండిన వాగు వెంట ఉత్తరానికి పోతున్నాయి. ఆ వాగు ఏదో నాకు తెలుసు. అంతకు ముందు సెలవుకి వచ్చినప్పుడు సిరొంకాకు ఆ చోటు చెప్పింది నేనే. పార్కులో గడ్డి మిగిలింది అక్కడే, గురువారం దాకా రేంజర్లు అటు రారు, జీపులూ రావు, చీకటితో తోలుకుపోయి ఎండెక్కేలోపు బయటికి వచ్చెయ్యమన్నాను. పార్కులో పశువుల్ని మేపితే జైలని తెలిసే చెప్పాను. మన ఆవుల డొక్కలు చూసి చెప్పాను. ఆ చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. జీపులు రావని చెప్పిన నేనే ఆ బుధవారం జీపును అటు తిప్పాను. తమ్ముడు గుర్తు రాలేదా అని అడుగుతావు. వచ్చాడు. ఈపాటికి వెళ్లిపోయి ఉంటాడులే అనుకున్నాను.

దూరం నుంచి బైనాక్యులర్‌లో సింహాలు గడ్డిలో పొంచి ఉండడం ఒక్కటే కనిపించింది. దేనికోసం పొంచాయో గట్టు అడ్డం. ఆగి చూసుకోవలసింది. ఆగకుండా వైర్లెస్ తీసి మిగతా గైడ్లందరికీ చెప్పాను. మాలో అది పద్ధతి, వేటను ముందు చూసి చెప్పినవాడి పేరు సాయంత్రం దాకా క్యాంపులో తిరుగుతుంది. ఆ పేరు నాకు కావలసి వచ్చింది. గట్టు దాటగానే గంట చప్పుడు వినిపించింది. నాన్న కట్టిన గంట. నా చెవులు దాన్ని గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టి ఉంటుందంటావు?

నూన్‌కిపా, ఇక్కడ ఆగకు. చదువు.

సింహం కెరి గొంతు పట్టుకుని వేలాడుతోంది. కెరి ఇంకా కాళ్ల మీదే ఉంది. దానికి పదడుగుల అవతల మరో రెండు ఆవులు అప్పటికే కింద పడి ఉన్నాయి. మార్గో "అయ్యో, ఆవా?" అంది. జాలితో కాదమ్మా, జీబ్రా అయ్యుంటే బాగుండేదని. అంతలో హెండ్రిక్ నా భుజం తట్టాడు.

"ఆ గంట కనపడకుండా కొంచెం అటుపక్కకి తిప్పుతారా? ఇంటి దగ్గర చూసేవాళ్లు పెంపుడు ఆవనుకుంటారు. ఆ చప్పుడు కూడా వీడియోలో పడుతోంది, ఏం చేస్తాం."

తిప్పాను. నీ పుట్టింటి నుంచి నువ్వు తోలుకొచ్చిన ఆవు కడుపున పుట్టిన ఆవు, ప్రతి కరువులోనూ నాకు పాలిచ్చిన వంశం. దాని చావు బాగా కనపడే వైపుకి జీపు తిప్పి ఇంజను ఆపాను. అప్పటికి వెనక మరో మూడు జీపులు వచ్చి నిలబడ్డాయి. నేను పిలిచిన జీపులే.

అప్పుడు సిరొంకా వాగులోంచి పైకొచ్చాడు. మందలో మిగిలినవాటిని వాగులోకి దింపి, ఈటె పట్టుకుని తిరిగొచ్చాడు. సింహానికి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. ఒక్కడే, కాళ్లు వణకకుండా. నీ కొడుకు అలా నిలబడ్డాడని నా రెండు కళ్లతో చూశాను, పాట కట్టిన ఆడపిల్లలకు ఇది చెప్పు. ఈటె ఎత్తాడు. అంతలో జీపులో నన్ను చూశాడు. చిన్నప్పుడు నేను బడి నుంచి వస్తుంటే ఎదురొచ్చేవాడే, అదే మొహం.

"అన్నా, బండి వాటి మీదికి తోలు. కెరి ఇంకా బతికే ఉంది."

వాడు చెప్పిందే సరైన పని. ఇంజను గట్టిగా రొదపెట్టించి ముందుకు ఉరికిస్తే సింహాలు వదిలేసేవి. నేను అద్దం దించి మన మాటలో అన్నాను, "ఈటె దించు. ఉన్నవాటిని తోలుకుని పో. నేనెవరో తెలీనట్టు పో."

"అన్నా, అది అమ్మ ఆవు."

"పో అన్నానా!"

ఈ మనిషి మీకు తెలుసా అని మార్గో అడిగింది. తెలీదన్నాను. పార్కులో దొంగతనంగా మేపుకునే మనుషులు, రోజూ ఇదే గోల అని కూడా అన్నాను, నవ్వుతూ. మిషన్ బడిలో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలు సిరొంకాకు గుర్తున్నాయి. ఈటె దించాడు. వెనక్కి తిరిగి వాగులోకి దిగి మందను అదిలించుకుంటూ పరిగెత్తాడు. చాలా దూరంలో ఎదుటి గట్టు మీద మేపుకుంటున్న మన ఊరి వాళ్లకి ఆ పరుగు ఒక్కటే కనిపించింది.

వాడు సింహాన్ని పొడిచి ఉంటే రేంజర్లు వాణ్ని పట్టుకుపోయేవాళ్లు, వాణ్ని కాపాడ్డానికే పొమ్మన్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. కానీ ఆ క్షణాన నా చెయ్యి వాడివైపు పోలేదు, చొక్కా మీది గైడు బ్యాడ్జీ మీదికి పోయింది.

ఇంకా ఉంది. వాడి సంగతి తేల్చడానికి పెద్దలు కూర్చున్న రోజు నేనూ వచ్చాను కదా. పట్టుకున్నవాడే మాట్లాడాల్సిన కర్ర నా చేతికొచ్చింది. సిరొంకా నా ఎదురుగా నేల చూస్తూ కూర్చున్నాడు. ఒక్క నిజం మాట అంటే వాడి మీది నింద పోయేది. "సింహం ముందు నిలబడలేనోడికి మంద అప్పగించకూడదు" అన్నాను. పెద్దలు తలలూపారు. సొంత తమ్ముడని చూడకుండా న్యాయం మాట్లాడాడని ఆ రోజు నువ్వు నా తల నిమిరావు. వాడు అప్పుడూ నా పేరు బయటపెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం అతిథులు నిద్రపోతుంటే గేటు దగ్గర నాకోసం ఎవరో వచ్చారన్నారు. వెళ్లి చూస్తే సిరొంకా. తల గొరిగి ఉంది. విరిగిన బ్లేడుతో తనే గొరుక్కున్నాడు, వెనకవైపు చెయ్యి అందక చోటుచోటా తెగింది. నైరోబీ పోతున్నాడట. అక్కడ ఇళ్ల గేట్ల దగ్గర కాపలాకి మనవాళ్లను పెట్టుకుంటారు, పేరు అడగరు. లోపలికి రమ్మంటే రాలేదు, టీ తెస్తానంటే వద్దన్నాడు. ఈ రోజే బయలుదేరి ఊరొచ్చి అందరి ముందూ నిజం చెబుతానన్నాను. నిజంగానే చెప్పేవాణ్నో లేదో నాకు తెలీదు. వాడు నన్ను చెప్పనివ్వలేదు.

"చెప్పొద్దన్నా. చెబితే నీ పని పోద్ది, ఇంటికి పిండి రాదు. అమ్మకి ఇద్దరు కొడుకులూ పోతారు. ఒక్కడితో పోనీ."

దాచుకున్నదంతా చెప్పాననుకుంటున్నావు. అసలుది ఇదమ్మా. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. హాయిగా అనిపించింది. గుండె మీది బరువు ఎవరో దించినట్టు ఊపిరి పీల్చుకున్నాను. అది వాడు చూశాడు. చూసి, నన్ను ఓదారుస్తున్నట్టు భుజం తట్టి వెళ్లిపోయాడు. నేను చేసినవాటిలో సిగ్గుపడేది ఏదని అడిగితే, జీపు కాదు, కర్ర కాదు, ఆ ఊపిరి.

ఈ ఉత్తరాన్ని పెద్దల ముందు చదివిస్తే వాడి పేరు బాగుపడుతుంది. ఈ మాట ఆ నోటా ఈ నోటా క్యాంపుకు చేరుతుంది, నన్ను పంపేస్తారు, వచ్చే నెల నుంచి పిండి బస్తాలు ఆగిపోతాయి. కరువు ఇంకా తగ్గలేదు, నా పిల్లలు నీ ఒళ్లోనే ఉన్నారు. నువ్వు చదివించవని నాకు తెలుసు. తెలుసు కనుకే ఇంత ధైర్యంగా రాశాను. నా పాపం నీ నోట్లో కుక్కి మూయించాను. నన్ను తిట్టుకో. తిట్టడం నీకు బాగా వచ్చు, ఈసారి ఏదీ మిగల్చకు.

గితోంగా మందు సీసాతోపాటు ఒక చిన్న మూట ఇస్తాడు. అది నేను పంపింది కాదు. సిరొంకా ఇచ్చాడు. "వేడుకకి అమ్మ రావక్కర్లేదని చెప్పు" అన్నాడు, అంతే. జడలన్నీ విడిపోకుండా తోలుతాడుతో కట్టాడు. ఎర్రమట్టి ఇంకా చేతికి అంటుతోంది. నూన్‌కిపా, ఉత్తరం చదవడం అయిపోయింది. ఆ మూట అమ్మ ఒళ్లో పెట్టి నువ్వు బయటికి వెళ్లు.

ఇట్లు,
నీకు మిగిలిన కొడుకు,
పర్మువత్