ఫైనల్ నాడు పొద్దున్నే తెరవనీయండి

ఎక్సైజ్ సి.ఐ. గారికి, ములకలపల్లి బస్టాండ్ పక్కన బార్ నడిపే నేను నమస్కరించి రాసుకుంటున్నది.

నిన్న పొద్దున ఆస్ట్రేలియాల మహిళల హాకీ సెమీఫైనల్ జరిగింది. మా ఊరి పిల్ల స్తుతి మన దేశం తరఫున ఆడింది సార్. గాలివానకు ఊర్ల కరెంటు పోయింది, వారం దాకా రాదంటున్నరు. జనరేటర్ ఉన్నది మా బార్ల ఒక్కటే. స్తుతి తల్లి పుల్లమ్మ వచ్చి, "జర టీవీ పెట్టు బిడ్డా," అని అడిగితే కాదనలేక టైం గాకముందే తెరిచిన. మందు మాత్రం చుక్క పొయ్యలేదు.

ఏనాడూ మా గడప తొక్కని ఆడోళ్లు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చిన్రు. వాళ్లను చూసి, రోజూ తాగేటోళ్లు కూడా విడిచిన్రు. మా బారే నాకు చర్చి లెక్క కనవడ్డది.

స్తుతి గోల్ కొట్టంగనే అందరు లేచి అరిచిన్రు. పుల్లమ్మ ఒక్కతే కూసున్నకాడ్నే ఉండి, "గామె నా బిడ్డేనా? ఇంట్ల ఉన్నప్పుడు గంత పెద్దగ ఎన్నడు కనవడలే," అన్నది.

మనమే గెలిచినం. ఆదివారం ఫైనల్, ఆరింటికే మొదలైతది. పది దాకా తెరవొద్దన్న రూల్ నాకు తెలుసు. నిన్నటిదానికి ఏ శిక్ష వేసినా సరే, ఆ ఒక్కనాడు పొద్దున్నే తెరవనీయండి.

వీలైతే మీరు కూడా రండి సార్. పుల్లమ్మ పక్క కుర్చీ మీకు ఆపుత.