నాయిన ఇనుప కుండ

వరంగల్లు,
14–2–1982

వెంకట్రాజమన్నకు చెల్లె చిలుకమ్మ శనార్తులు. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం, అవ్వను ఫికర్ చేయద్దని చెప్పు.

మా వాడల రంగులద్దే కార్ఖానా పడ్డ కాడినుంచి బాయి నీళ్లు ఎర్రగ వస్తానయి. ఆ నీళ్లతోని తానం చేపిస్తే నా బిడ్డకు ఒళ్లంత దద్దుర్లు లేచినయి. అప్పుడు నాయిన యాదికొచ్చిండు. కొలిమి కాడ చిల్లికుండల ఇసుక, ఇనుప ముక్కలు నింపి చెరువు నీళ్లు వడకట్టేటోడు, మనం నవ్వేటోళ్లం. నేను గూడ మా వాడల లేత్ మిషన్ దుకాణం కాడ రాలిన ఇనుప పొట్టు తెచ్చి, ఇసుకల కలిపి కుండల పోసిన. మొదాలు తుప్పు నీళ్లే కారినయి. "బాగు చేస్తానవా, ఇంకింత ఖరాబు చేస్తానవా?" అని మీ బావ నవ్విండు. ఐదోనాడు ఎరుపు పోయి నీళ్లు తేటగ దిగినయి. ఆ తుప్పు వాసనకు నాయిన పక్కన కూసున్నట్టే అయ్యి ఏడ్చిన. బిడ్డకు దద్దుర్లు తగ్గినయి. తాగే నీళ్లు మాత్రం నల్లా కాడ పట్టుకొస్తానం.

ఇప్పుడు ఇనుప పొట్టంత తుప్పుపట్టి గడ్డకట్టింది, నీళ్లు దిగుతలేవు. నాయిన ఎన్ని రోజులకు ఇనుము మార్చేటోడో, ఇసుక ఎంత కలిపేటోడో అవ్వనడిగి జర జల్ది రాయి. ఆయన బతికున్నప్పుడు ఒక్కపారి గూడ అడగకపోతి.

అవ్వ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయి? బర్రె ఈనిందా? నీ పిల్లలు సల్లగుండాలె.

పక్కింటి లింగమ్మ గూడ గసొంటి కుండనే పెట్టుకుంటదట. ఎవరు నేర్పిండ్రని అడిగితే, "మా నాయిన ఉన్నడు, ఆయనే" అన్న. ఉన్నడనే నోటికొచ్చింది అన్నా.

నీ చెల్లె
చిలుకమ్మ