చిలక పాట, హెడ్మాస్టరు గారి నడుము

1వ తేదీ, సోమవారం. ఉదయం 7.
మా బుజ్జిదానికి రెండేళ్లు నిండడానికి ఇంకో నెల. ఇంతవరకు ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయట. "చిన్న చిన్న పాటలు పాడండి. రోజూ, మళ్లీ మళ్లీ," అన్నది డాక్టరమ్మ. సరే! రోజుకు మూడు: చిలక, ఏనుగు, వాన. నెల తిరిగేసరికి అది నన్ను 'నాన్న' అనాలి. నాకు అంతకు మించి అక్కర్లేదు.

ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ మా ఆవిడ, "ఆరంభశూరత్వం కాకపోతే చాలు," అంది. నర్సు కదా, రోగం ముందే పసిగడుతుంది.

2, మంగళవారం.
మూడూ పాడాను. రెండేసి సార్లు! బుజ్జిది కన్నార్పకుండా నా నోట్లోకి చూసింది. మంచి ఫలితం. "నోట్లో ఏదైనా ఉందనుకుందేమో," అంది మా ఆవిడ.

4, గురువారం.
రెండు పాటలు. ఏనుగును తీసేశాను. చరణాలు ఎక్కువ.

6, శనివారం. మధ్యాహ్నం 3.
కొలత తీయగానే మూడుసార్లు రాగం తీసి పైకి అనాలి, ఆ తర్వాతే పుస్తకంలో ఎక్కించాలి. నాకు కుట్టుపని నేర్పిన గురువుగారి పద్ధతి ఇది. పదిహేనేళ్లుగా తప్పలేదు. ఈ రోజు హెడ్మాస్టరు గారి చొక్కాకు ఆ మూడుసార్లూ అంకెకు బదులు చిలక పాట పాడాను, ఎప్పుడూ కొట్లో బల్ల కిందే ఆడుకునే బుజ్జిదాని కోసం.
కుడి చెయ్యి: ఇరవై నాలుగు.
ఎడమ చెయ్యి: ఇరవై ఒకటి.

8, సోమవారం.
పాట లేదు. గొంతు బాగాలేదు.

9, మంగళవారం.
గొంతు బాగుంది. మనసు బాగాలేదు.

12, శుక్రవారం.
వాన పాట, ఒక్క లైను. బయట ఎండ కాస్తోంది కాబట్టి మిగతాది వాయిదా.

17, బుధవారం.
పాటలు మానేశాను. పక్కింటి పిల్లాడు దీనికన్నా చిన్నవాడు, వాళ్ల నాన్నతో దెబ్బలాడుతున్నాడు! విని లోపలికి వచ్చేశాను. ఇది ఎప్పటికీ పిలవదేమోనని భయంగా ఉంది.

20, శనివారం. ఉదయం 11.
హెడ్మాస్టరు గారు చేతులు కుదరని చొక్కా పట్టుకుని మళ్లీ కొలతలకు వచ్చారు. ఈసారి ప్యాంటు కూడా. టేపు చుట్టి "నడుము..." అన్నానో లేదో, బల్ల కింద నుంచి, అచ్చం నా రాగంలో:
"నలబై లెండు, నలబై లెండు, నలబై లెండు!"
మొదటి మాట!!
టేపు చూశాను. నలభై నాలుగు. పోయినసారి ప్యాంటుకు నలభై రెండు.
"పాప చెప్పిందే రాయండి," అన్నారు హెడ్మాస్టరు గారు, కడుపు లోపలికి పీల్చుకుంటూ.

సాయంత్రం 6. మా ఆవిడ: "పుట్టిన దగ్గర్నుంచీ దానికి పాడుతూనే ఉన్నారన్నమాట. మీకే తెలీదు."

21, ఆదివారం.
బుజ్జిది టేపు తెచ్చి నా మోకాలికి చుట్టింది.
"నాన్న పదకొందు, నాన్న పదకొందు, నాన్న పదకొందు."
మోకాలు పదకొండు కాదు, పదిహేనున్నర. దిద్దలేదు. కళ్లు తుడుచుకుని అది చెప్పినట్టే పుస్తకంలో ఎక్కించాను.

రేపటి నుంచి రోజుకు మూడు పాటలు. ఏనుగుతో సహా!