గొట్టం పిల్ల

బావగారికి,

మెదడులో నీరు చేరి నడక తడబడుతోందనీ, తల నుంచి పొట్టలోకి గొట్టం వేస్తానని డాక్టరు అన్నాడనీ రాశారు. నొప్పి ఉంటుందా అని నన్నే అడిగారు. మా అమ్మాయికి అదే ఆపరేషన్ అయిన రోజు నుంచీ దాన్ని "గొట్టం పిల్ల" అని పిలిచింది మీరు. మీ ఇంట్లో పెళ్లి ఫోటోలో చెవి వెనక గొట్టం ఉబ్బు కనపడకూడదని దానికి స్కార్ఫు కట్టించిందీ మీరే. ఆ స్కార్ఫు భద్రంగానే ఉంది, పంపిస్తున్నాను. మీ బట్టతలకి పనికొస్తుంది.

మీ ఉత్తరం అమ్మాయికి చదివి వినిపించాను. "కొన్నాళ్ళు ఆ వైపు తిరిగి పడుకోవద్దని పెదనాన్నకి రాయమ్మా" అంది. మీ బుద్ధులు దానికింకా అబ్బలేదు.

ఆపరేషన్‌కి ముందు జ్ఞాపకశక్తి పరీక్షిస్తారు, ఇంట్లోవాళ్ళ పేర్లు అడుగుతారు. దాని అసలు పేరు ఇప్పటి నుంచే బట్టీ పట్టండి. గొట్టం పిల్ల అన్నారంటే జబ్బు ముదిరిందనుకుంటారు.

మీ మరదలు