పుదీన మడి తాగిన నీళ్లు

21 ఏప్రిల్ 1988

వీర్నపల్లికి వచ్చాను. జగిత్యాలలో డిగ్రీ పరీక్షలు అయిపోయాయి. రిజల్ట్స్ వచ్చేదాకా కోరుట్లలో ఖాళీగా కూర్చోలేనని గొడవ పెడితే అమ్మ సిరిసిల్ల బస్సు ఎక్కించింది. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు. ఇక్కడ దిగితే ఏ చప్పుడూ లేదు, ఎండ తప్ప. రెండేళ్లుగా వానల్లేక చెరువు అడుగు పెంకుల్లా పగిలింది.

అమ్మమ్మ లసుమవ్వ నన్ను లోపలికి రానివ్వలేదు. ముందు కాళ్లు కడుక్కో అంది. వాకిట్లో ఒక బండ. దాని మీద నిలబడితే చెంబెడు నీళ్లు పోసింది. ఒక్కటే చెంబు. ఆ నీళ్లు బండ మీంచి జారి పక్కనున్న పుదీన మడిలోకి పోయాయి. అచ్చినోళ్ల కాళ్లే దీనికి వాన బిడ్డా అంది.

తర్వాత చల్ల ఇచ్చింది. పుదీన, వాము ఆకు, ఇంకేదో. గిదేం ఆకు అని అడిగాను. తాగినంక చెప్త అంది. తాగాక అడిగితే, తాగినవ్ గద, ఇంకెందుకు అంది.

23 ఏప్రిల్

మూడో ఆకు లేత నిమ్మాకు. నేనే కనిపెట్టాను, అమ్మమ్మ అరచేయి వాసన చూసి.

కత్తి వాడదు. ఇనుము తగిలితే ఆకు చేదెక్కుతుందట. ముందు ఉప్పుతో ఆకులు నలుపుతుంది, తర్వాత చల్ల, చివర రంజన్ కుండలో చల్లబడ్డ నీళ్లు. జొన్న గట్కలోకి అదే, పచ్చిపులుసులోకి మళ్లీ అదే పుదీన. రోజుకు ఎన్ని గుప్పెళ్లు తెంపుతుందో. అయినా మడి తరగదు.

26 ఏప్రిల్

పుదీనను స్కేలు పెట్టి కొలిచాను. 14 సెంటీమీటర్లు. ఊళ్లో ఇంకే పెరట్లోనూ పచ్చదనం లేదు.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఎర్రయ్య మామ తెల్లారగానే కల్లు గీయడానికి తాళ్లకు పోతాడు, పొద్దుగూకితే గాని రాడు. ఎంత లెక్కేసినా కాళ్లకు పోసేది రోజుకు ఆరు చెంబులు. ఇంటి వెనుక అంతే జాగాలో నాలుగు పుదీన కొమ్మలు నాటి, రోజూ కొలిచి ఆరు చెంబులే పోస్తున్నాను. ప్రాక్టికల్స్ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చేయలేదు.

30 ఏప్రిల్

నా పుదీన చచ్చిపోయింది.

మరి ఆ మడికి నీళ్లు ఎవరివి? మధ్యాహ్నం కాగానే ఎండదెబ్బ తాకుతదని అమ్మమ్మ నన్ను లోపలి అర్రలో పడుకోబెడుతుంది. మూడింటికి లేచేసరికి మడి తడిగా ఉంటుంది. పొద్దున మెడ దాకా ఉన్న చల్లకుండ అడుగు కనిపిస్తుంది. ఈ రోజు అడిగేశాను. పిల్లి తాగింది అంది, మొహంలో ఏమీ లేకుండా. పిల్లికి కాళ్లు గూడ కడిగినవా అన్నాను.

అమ్మమ్మ నవ్వలేదు. నీకు గీ సదువు ఎవలు చెప్పిన్రు అంది.

3 మే, మధ్యాహ్నం మూడు

నిద్ర నటించాను. తలుపు కింది సందులోంచి కాళ్లు మాత్రమే కనిపించాయి. నాలుగు జతలు. ఒక చెప్పు తీగతో కట్టి ఉంది. ఒక జత కాళ్లు అమ్మాయివి, నా సైజే. మడమలు పగిలి, పిక్కల దాకా ముళ్ల గీతలు. పక్కనే తుపాకీ మడమ నేలకు ఆనింది.

నీళ్లు పడగానే ఆ అమ్మాయి హా అంది. కాసేపటికి గొంతు వినిపించింది. గిదేం ఆకు అవ్వా అని. తాగినంక చెప్త అంది అమ్మమ్మ. నేను నోరు గట్టిగా మూసుకున్నాను, నవ్వొచ్చి.

అన్నలు రాత్రిళ్లు తిరుగుతారని అందరూ అనుకుంటారు. మే నెల ఒంటిగంటకు వీధిలో కుక్క కూడా ఉండదని అమ్మమ్మకు తెలుసు.

అదే రోజు, సాయంత్రం

నవ్వు పోయింది. పక్క ఊళ్లో అన్నలకు అన్నం పెట్టిందని పోయిన నెల ఒకామెను పోలీసులు జీపులో తీసుకుపోయారని మామ చెప్పాడు. ఇంకా రాలేదట. ఈ పుస్తకం ఇక ఉలవల కుండలో అడుగున.

9 మే

మళ్లీ నలుగురు. పుదీన 19.

11 మే

పోలీసులు వచ్చారు. ఎస్సై, ఐదుగురు. పొద్దున పదకొండింటికి. బూట్లు విప్పరు కాబట్టి కాళ్లు కడుక్కోరు. ఎస్సై బండ ఎక్కి నిలబడి మడిని చాలాసేపు చూశాడు. కరీంనగర్‌లో మా ఆవిడ బకెట్లు పోసినా రాదు, నీకెట్ల వస్తున్నదే ముసలిదానా అన్నాడు. తర్వాత బండ వాలు చూశాడు. దినాం ఎంతమంది కడుగుతరు ఇక్కడ కాళ్లు అన్నాడు. మెల్లగానే అడిగాడు.

అమ్మమ్మ తడబడలేదు. గీ పోరి సారూ, కోరుట్లల పెరిగింది, కాళ్లకు మన్నంటితె సైసదు, దినాం పదిసార్లు కడుగుతది అని నా మీద పెట్టింది.

ఎస్సై నా కాళ్లు చూశాడు. బోరింగు నుంచి అప్పుడే బిందెతో వచ్చాను. చీలమండల దాకా ఎర్ర దుమ్ము.

బిందె దించాను. కడుక్కుందామంటె మీరు బండ మీద నిలబడ్డరు గద సార్ అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

దిగాడు. నేను ఎక్కాను. ఒక చెంబు, రెండు, మూడు. రోజూ చేసేదానిలా మడమలు రుద్దుకున్నాను. ఆయన చివరిదాకా చూశాడు.

ఆరుగురూ చల్ల తాగారు. ఇదేం ఆకు అని ఎస్సై అడిగాడు. నిమ్మాకు సారూ అని అమ్మమ్మ వెంటనే చెప్పేసింది. పోతూ పోతూ, మళ్లీ ఇటొచ్చినప్పుడు చూస్త, ఇట్లనే ఉండాలె అన్నాడు. పుదీన గురించే అన్నాడు.

జీపు పోయాక అమ్మమ్మ బండ మీదే కూలబడింది. నాకంతా తెలుసన్నాను. తెలిస్తె తెలిసింది, కడుపుల పెట్టుకో అంది.

20 మే

పది రోజులుగా వాళ్లెవరూ రాలేదు. గుట్టల దిక్కు కాల్పులు జరిగాయని బస్సు కండక్టర్ మామతో అన్నాడట. ఎంతమందో తెలియదు. పేర్లు తెలియవు. అమ్మమ్మ రోజూ కుండ మెడ దాకా చల్ల చేస్తుంది, పొద్దుగూకాక బర్రె కుడితిలో పోస్తుంది.

పుదీన ఆకుల అంచులు ముడుచుకుంటున్నాయి. ఎస్సై వచ్చి చూస్తే చాలు, కాళ్లు ఏ రోజు నుంచి ఆగాయో ఆ మడే చెప్పేస్తుంది.

రేపటి నుంచి బోరింగు నుంచి రెండు బిందెలు ఎక్కువ తేవాలి.

27 మే

21 సెంటీమీటర్లు. ఈ రోజు ఐదుసార్లు కాళ్లు కడుక్కున్నాను. ఒక్కసారే నాకోసం.