నాన్న పెదవుల మధ్య మేకులు

చిన్నోడా,

నిన్నూ, కోడలినీ, నేనింకా ఎత్తుకోని నా మనవరాలినీ ప్రభువు తన చేతి నీడలో దాచాలని అమ్మ దీవెన. ఇక్కడ అందరం క్షేమం అని ఎప్పుడూ మొదటి వరుసలోనే రాసేస్తాను. చెయ్యి దానంతటదే రాస్తుంది. ఈసారి కలం ఆపి, ఆలోచించి రాస్తున్నాను. నేను బాగానే తిరుగుతున్నాను. మీ నాన్న కిందటి నెలకంటే ఇంకాస్త నీరసించారు. ఇద్దరికీ అన్నం సహిస్తోంది. దాన్నే క్షేమం అనుకో.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని నొచ్చుకుని ఉంటావు. ఫోను చేద్దామంటే నీ గొంతు వినగానే నాకు మాట పెగలదు. నువ్వేమో సరిగ్గా వినపడట్లేదమ్మా అంటూ ఏడుపు దాచుకుంటావు. మనిద్దరికీ కాగితమే నయం.

నువ్వడిగినవి ఒక్కొక్కటీ చెబుతాను. నాన్న కుడిచెయ్యి ఇంకా లేవలేదు. ఎడమచేతికి ఉప్పుకాగితం ఇస్తే, ఒళ్లో చెక్కముక్క ఒకటి పెట్టుకుని పొద్దంతా నునుపు చేస్తూ కూర్చుంటారు. ఏం చేస్తున్నారో ఆయనకే తెలియాలి. అది అరిగి అరిగి సబ్బుబిళ్లంత అయింది. పనిముట్లు ఎవరికీ ఇవ్వలేదు. చిత్రికకీ ఉలికీ తుప్పు పట్టకుండా నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాను.

మాట సంగతి అడిగావు. పక్షవాతం వచ్చి పడ్డాక ఆయనకి మిగిలింది ఒకే ఒక్క మాట, 'చెక్క'. మంచినీళ్లూ చెక్కే, నొప్పీ చెక్కే, నేనూ చెక్కే. మా లాండ్రీలో నాతోపాటు దుప్పట్లు మడతపెట్టే ఆవిడ లేదూ, నోరు మూతపడదని మేమంతా రేడియో అని పిలుస్తామే, ఆవిడ చూడ్డానికొచ్చి, "బావగారూ, నేనెవర్ని చెప్పండి?" అంది. "చెక్క" అన్నారు. "అయ్యో రాత! పెళ్లయిన నాటినుంచీ మా ఆయన అనేదీ అదే, మొద్దునని. మీక్కూడా తెలిసిపోయిందా?" అంది. మీ నాన్న నవ్వారు. మూతి కాస్త వంకరపోయింది కానీ నవ్వు మాత్రం పాతదే.

నా పని ఎప్పటిలాగే ఉంది. ఆసుపత్రి దుప్పట్లకి తరుగు ఎక్కడుంటుంది? ఇద్దరం చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి వెళతాం. ఎవరు పడుకున్న దుప్పటో తెలియదు కదా, మడత పెట్టినప్పుడల్లా ఆ మనిషి కోసం ఒక్క మాట ప్రార్థన చేస్తాను. "మీ దేవుడికి చెవుడా అక్కా, రోజూ అదే చెబుతావు?" అంటుంది రేడియో. "ఆయనకి కాదే, నాకు" అంటాను.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న. పాప పుట్టాక మీ ఇంట్లో కూడా రోజూ ప్రార్థన పెట్టుకుందామనుకున్నామనీ, మూడు రోజులు సాగి నాలుగో రోజుకి ఆగిపోతోందనీ రాశావు. పని నుంచి ఇద్దరూ అలిసిపోయి వస్తారు, పాప ఏడుస్తుంది, ఒకరోజు మాటామాటా అనుకుని ఆ కోపంలో దేవుడి ముందు కూర్చోవడానికి మనసొప్పలేదు అన్నావు. 'ఇన్నేళ్లు ఒక్కరోజు తప్పకుండా ఎలా చేశావమ్మా?' అని అడిగావు.

తెలిసినంత చెబుతాను. ఖాళీ చూసుకుని చేద్దామనుకోకు. మనలాంటివాళ్లకి ఖాళీ సమాధిలోనే దొరుకుతుంది. పాప ఏడుస్తుంటే ఏడవనీ, అదీ ఒక పాటే. పెద్ద పెద్ద మాటలు వెతుక్కోకు. వాక్యం ఒక్క ముక్క చదువుకుని, ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ కలిసి చెప్పుకుంటే చాలు. ఇద్దరూ పోట్లాడుకున్న రోజు ఒకే చాప మీద కూర్చోండి, కావాలంటే చెరో చివరా. ఒకరోజు తప్పిపోతే మర్నాడు ఏమీ ఎరగనట్టు మళ్లీ కూర్చో. తప్పిన రోజు గురించి బాధపడుతూ ఇంకో రోజు పోగొట్టుకోకు.

ఇదంతా నేను సంఘంలో ఆడవాళ్లకి చెప్పే మాటే. అందరూ తలలూపుతారు. నన్ను 'ప్రార్థన ఆంటీ' అంటారు. కానీ చిన్నోడా, ఇన్నేళ్లూ ఈ ఇంట్లో ప్రార్థన నిలబెట్టింది నేను కాదు. ఆ సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పాలంటే మీ అక్క ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన రోజు దాకా వెళ్లాలి. వెళ్లక తప్పదు.

ఆ రోజు మీ అక్క పెట్టె మీ నాన్నే చేశారు. వేరేవాళ్లు చేస్తామన్నా చెయ్యి పడనివ్వలేదు. మీ అక్క నొప్పితో పడుకున్న మంచానికి గరుకు అంచులుండేవనీ, ఇందులో ఎక్కడా ముల్లు ఉండకూడదనీ లోపలివైపు కూడా నునుపు పట్టారు. మూత వేయకుండా నీకోసం ఆపాం. చివరి రోజుల్లో మీ అక్క, "చిన్నోడు వచ్చాడా?" అని తలుపు వైపు చూస్తూనే ఉంది కదా, కనీసం మొహమైనా నువ్వు చూడాలని నా ఆశ. మధ్యాహ్నం మీ నాన్న, "మేకులు తెస్తాను" అని బయటికి వెళ్లారు. చాలాసేపటికి వచ్చారు. వచ్చేటప్పటికే పెదవుల మధ్య మేకులున్నాయి. పని చేసేటప్పుడు ఆయన అలాగే పట్టుకుంటారని నీకు తెలుసు, చిన్నప్పుడు నువ్వు పుల్లలతో ఆయన్ని అనుకరించి దెబ్బలు తిన్నావు కూడా.

"ఇంకొంచెం ఆగండి, వాడు దారిలో ఉంటాడు" అని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నోరు తెరవలేదు. తల అడ్డంగా ఊపారు. పాస్టరు గారు కూడా, "కాసేపు చూద్దామా?" అన్నారు. మళ్లీ తల ఊపారు. తర్వాత ఒక్కొక్క మేకూ నోట్లోంచి తీసి కొట్టారు. నా పక్కనున్నది మనిషి కాదు, రాయి అనుకున్నాను.

నీకు సెలవు దొరకలేదని అడిగినవాళ్లందరికీ చెప్పాను. నువ్వు చెప్పిందీ అదే. నమ్మాను.

ఆ రాత్రి కూడా ప్రార్థనకి కూర్చున్నాం. మేము ఇతరులను క్షమించినట్టు మమ్మల్ని క్షమించమని అడిగే మాట ఉంది కదా, అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోయింది. నేనొక్కదాన్నే చెప్పాను. తర్వాతి మాటకి మళ్లీ కలిశారు. మర్నాడూ అంతే. అప్పటినుంచీ ప్రతి రోజూ అంతే. ఆ ఒక్క మాట దగ్గర, మేకులు పట్టుకున్నట్టే, పెదవులు బిగించేవారు. నీ మీద కోపమని నాకర్థమైంది. ఆయన మూసుకున్న కొద్దీ నేను గొంతు పెంచి చెప్పేదాన్ని. ఆయనకి వినపడాలనే చెప్పేదాన్ని. దేవుడి కోసం కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "కన్నకొడుకుని క్షమించలేనివారు ఇక్కడెందుకు కూర్చుంటారండీ? వెళ్లి మీ చెక్కలు కోసుకోండి." నేను అలా మాట్లాడేదాన్ని కాదని నీకు తెలుసు. మీ నాన్న తల వంచుకుని, "అబద్ధం చెప్పి కూర్చోలేనే. కూర్చోకుండానూ ఉండలేను. ఆ మాట వరకు నువ్వనుకో" అన్నారు. మర్నాడు నాకంటే ముందే చాప పరిచి కూర్చున్నారు, జుట్టులో రంపపుపొట్టు కూడా దులుపుకోకుండా.

ఇప్పుడు ఈ జబ్బు. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన మొదటి సాయంత్రం, మంచం పక్కన కూర్చుని అలవాటుగా ప్రార్థన మొదలుపెట్టాను. 'తండ్రీ' అన్నానో లేదో, నా పక్కన ఇంకో గొంతు లేచింది. మంచినీళ్లని నీళ్లనలేని మనిషి, ప్రార్థన మొత్తం, ఒక్క అక్షరం పోకుండా చెబుతున్నారు! ఆ మాట దగ్గరికి వచ్చాం. ఆయన ఆగలేదు. క్షమించమనే మాట కూడా గలగలా చెప్పేశారు.

నీకు వెంటనే రాయాలనుకున్నాను. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయికి ముందు చెప్పాను. పాపం మంచి పిల్ల, నా సంతోషం చూసి ఇబ్బంది పడింది. "ఆంటీ, అది మాట్లాడటం కాదు, అలవాటు. చిన్నప్పుడు నేర్చుకున్న పాటలూ ప్రార్థనలూ మెదడులో వేరే గదిలో ఉంటాయి. అర్థం తెలిసి అంటున్నారని నేను చెప్పలేను" అంది. "గది ఏదైతేనేం తల్లీ, ఇల్లు ఆయనదేగా?" అన్నాను. నవ్వింది. కానీ నాకు తెలిసిపోయింది, ఆయన నిన్ను క్షమించారో లేక నాలుకే దారి గుర్తుపట్టి నడిచిందో, ఈ లోకంలో ఎవరూ చెప్పలేరని. క్షమించారని రాసేస్తే నీకు హాయిగా ఉండేది. తెలియనిది తెలిసినట్టు రాయలేక కాగితం పక్కన పెట్టాను.

అప్పుడొచ్చింది నీ ఉత్తరం.

'సెలవు దొరక్క కాదమ్మా' అని రాశావు. బస్టాండు దాకా వచ్చానన్నావు. బస్సు మెట్టు దిగుతుంటే ఎదురుగా నాన్న, చొక్కా నిండా రంపపుపొట్టుతో, కనిపించాడన్నావు. ఆ పొట్టు ఏ పెట్టెదో తెలిసి మళ్లీ లోపలికెక్కి కూర్చున్నాననీ, బస్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయేదాకా నాన్న అక్కడే నిలబడి చూశాడనీ రాశావు. 'నాన్న నీకు చెప్పే ఉంటాడు, నువ్వు నా మీద దయతో తెలియనట్టు ఉత్తరాలు రాస్తున్నావు' అన్నావు.

లేదు చిన్నోడా. చెప్పలేదు. ఆ రోజు ఆయన వెళ్లింది మేకుల కోసం కాదు, నీకోసం. తిరిగొస్తూ మేకులు పెదవుల మధ్య ఎందుకు పెట్టుకున్నారో ఇప్పుడు తెలిసింది. నోరు తెరిస్తే నాతో నిజం చెప్పేయాలి కదా. కొడుకు వచ్చి కూడా వెళ్లిపోయాడని ఆ పూట నాకు చెప్పకూడదనుకున్నారు. ఆ తర్వాతా చెప్పలేదు. నేను ఆయన్ని రాయి అనుకున్నా, చెక్కలు కోసుకోమన్నా చెప్పలేదు.

ఇప్పుడు నా సంగతి. ఇన్ని పేజీలు తిప్పితిప్పి వచ్చింది దీనికోసమే. నీ ఉత్తరం చదివిన సాయంత్రం ప్రార్థనకి కూర్చున్నాం. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. మీ నాన్న ఒక్కరే చెప్పారు. చెబుతూ చెబుతూ నా వైపు చూశారు. మర్నాడూ ఆగిపోయింది. ఈ రోజు దాకా అంతే.

నువ్వు తప్పు చేయలేదనుకున్నన్నాళ్లూ నిన్ను క్షమించడం నాకు తేలికైంది. క్షమించడానికి అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే తలుపు వైపు చూస్తున్న మీ అక్క కనిపిస్తోంది. నిన్ను చంకన వేసుకుని పెంచిన పిల్లరా అది. నీకు భయమేసిందని తెలుసు, చావు చూడలేని వయసని తెలుసు. అన్నీ తెలిసినా మాట బయటికి రావడం లేదు. సంఘంలో నన్ను ప్రార్థన చేయమంటే గొంతు బాగాలేదంటున్నాను. రేడియో కూడా కనిపెట్టింది. "ఏంటక్కా, దుప్పట్లు మూగగా మడతపెడుతున్నావు?" అంది. కొసలు కలిపేటప్పుడు నా చెయ్యి కాసేపు పట్టుకుని వదిలింది. ఆ పూటంతా ఏమీ మాట్లాడలేదు. రేడియో మాట్లాడకపోవడం నువ్వు ఊహించగలవా?

అయినా కూర్చుంటున్నాను. నువ్వడిగావే, ఒక్కరోజు తప్పకుండా ఎలా అని. ఇలాగే. చెప్పలేని మాట ఒకటి గొంతులో పెట్టుకుని, దాన్ని చెప్పినట్టు నటించకుండా, చాప వదిలిపోకుండా. ఇది మీ నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆ సంగతి ఆయనతో చెప్పడానికి నాకు ధైర్యం లేదు, చెప్పినా బదులివ్వడానికి ఇప్పుడు ఆయన దగ్గర మాటల్లేవు.

'నేను రావచ్చా?' అని చివర్లో అడిగావు. నాన్న పడిపోయినప్పుడు, నేను వస్తే ఆయనకి ఇంకా ఎక్కువవుతుందేమో అని ఆగిపోయావు. నేనూ ఒక ఆలోచన చేశాను. ఆ మాట నా నోట మళ్లీ వచ్చాక, అప్పుడు నిన్ను పిలుద్దామని. శుభ్రమైన మనసుతో తలుపు తీద్దామని. కానీ ఈ వారం నుంచి మీ నాన్న ప్రార్థనలో మాటలు రాలిపోతున్నాయి. మొదటి మాటలు గొణుగుడైపోయాయి. కొన్ని రోజులు సగంలో ఆగి ఉప్పుకాగితం వెతుక్కుంటున్నారు. ఆ మాట ఇంకా ఉంది. ఎన్నాళ్లుంటుందో డాక్టరు గారు చెప్పలేదు, నేనూ అడగలేదు. నా మనసు బాగుపడేదాకా ఆయన గొంతు కాచుకుని ఉండదు.

అందుకని రా. కోడలినీ పాపనీ తీసుకుని రా. ఉతికిన చాప ఉంది. గోడ పక్కన నువ్వు కూర్చునే చోటు అలాగే ఉంది. అందరం కూర్చుందాం. ఆ మాట దగ్గర నేను ఆగిపోతాను, నువ్వూ ఆగిపోతావేమో. ఫర్వాలేదు. ఆయన చెబుతారు, మనం విందాం.

ఏ బస్సుకి వస్తావో కబురు చెయ్యి. ఈసారి ఆయన రాలేరు, నేనే వచ్చి అక్కడ నిలబడతాను. నిన్ను చూసినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎలా ఉన్నా నువ్వు దిగు.

ఇట్లు,
నిన్నూ మీ అక్కనీ కన్న
అమ్మ