మోరీకి పట్టుచీర

గద్వాల

నాయినకు దండాలు.

కొత్తగా కొన్న ఇంట్లో పాత మోరీ గొట్టం పగలబట్టే గోడ నానుతోందని, బాత్రూం మొత్తం తవ్వాలని మేస్త్రీ అన్నాడు కదా. నేను నమ్మలేదు. పక్కింట్లో పట్టుకు రంగులేసే కళావతక్కను అడిగి, మిగిలిన ఎర్రరంగు నీళ్లు బాత్రూంలో పోశాను. గోడకు చుక్కయినా ఎరుపు అంటలేదు, రంగంతా వీధి మోరీలో తేలింది. “మోరీకి పట్టుచీర కడ్తివి గదనే పిల్లా” అని అక్క ఒకటే నవ్వు. గొట్టం గట్టిదే. మిద్దెక్కి చూస్తే, కారేది పైన ట్యాంకు పైపు, మార్పించాను.

బర్రె ఈనిందా? అమ్మ మోకాలికి దవాఖానలో ఏమన్నారు? “గోడ ఆరేదాకా మీ అమ్మను రానియ్య” అన్నావు. శనివారం అమ్మను తీసుకొని నువ్వే రా. గోడమీద చెయ్యి పెట్టి చూద్దువు.

నీ బిడ్డ,
పూర్ణిమ